స్టెయిన్‌లెస్ రివాల్వర్‌కి తుప్పేంటి?

అమెరికా తుపాకుల కంపెనీ స్మిత్ అండ్ వెసన్ 1965లో తెచ్చిన మోడల్ 60 తొలి స్టెయిన్‌లెస్ రివాల్వర్. ఐదు తూటాలు పట్టే బుల్లి రివాల్వర్, .38 స్పెషల్ అనే రకం తూటాలకు. 1970ల మొదట్లో, ఇంకా శక్తిమంతమైన .357 మాగ్నమ్ తూటాలకు మోడల్ 66 వచ్చింది. అమెరికా గన్ షోల్లో ఈ పాతవి కొనే మనవాళ్లకు తరచూ ఎదురయ్యే ఇబ్బందులివి. దేనికి చెయ్యి పెట్టినా ముందు సిలిండర్ (తూటాలు పెట్టే గుండ్రటి భాగం) తెరిచి, ప్రతి గదీ ఖాళీగా ఉందని కళ్లతో చూడండి.

సమస్య: నారింజ రంగు చుక్కలు

వంటింటి స్టీలు గ్లాసుకు తుప్పు పట్టదు కదా అనుకుంటాం. కానీ ఆ స్టీలు వేరు. తుపాకీ ఉక్కును వేడిచేసి గట్టిపరచాలి, దానికి కార్బన్ కావాలి. తుప్పును ఆపేది పైనున్న క్రోమియం ఆక్సైడ్ పొర. కార్బన్ ఉన్న ఈ రకానికి ఆ రక్షణ కాస్త తక్కువ. చెమటలోని ఉప్పు, తోలు ఒరలోని చెమ్మ చాలు, చుక్కలు మొదలవుతాయి. అందుకే తోలు ఒరలో పెట్టి దాచకండి.

ఇంకో కారణం మన చేతులారా తెచ్చుకునేది: గిన్నెలు తోమే స్టీలు పీచు. అది చాలాసార్లు మామూలు ఉక్కే. దాని పొడి ఉపరితలంలో ఇరుక్కుని తనే తుప్పు పడుతుంది, నింద రివాల్వర్ మీద పడుతుంది. గన్ ఆయిల్ రాసి ఒక పూట వదిలి, నైలాన్ బ్రష్‌తోగానీ మెత్తని కంచు పీచుతోగానీ నెమ్మదిగా రుద్దితే పైపై చుక్కలు పోతాయి. గుంట పడితే మాత్రం వదిలేయండి. బ్లీచ్ అసలొద్దు, అందులోని క్లోరిన్ పొరనే తినేస్తుంది.

సమస్య: చింతపండుతో తోమిన చెంబులా మెరుస్తోంది

మెరుపొక్కటే తప్పు కాదు. తొలి మోడల్ 60లు ఫ్యాక్టరీ నుంచే తళతళలాడుతూ వచ్చాయి, తర్వాతే మసక ఫినిష్‌కు మార్చారు. తేడా భూతద్దంతో చూడాలి. నేను కొన్నదాంట్లో అక్షరాల అంచులు కరిగిన సబ్బు మీది ముద్రలా ఉన్నాయి. స్క్రూ రంధ్రాల చుట్టూ చిన్న పళ్లెంలా పల్లం. లోపలి యంత్రాంగాన్ని కప్పే పక్కపలక అతుకు అసలైతే కనీకనపడకుండా ఉండాలి, దీంట్లో గీతలా తేలింది. అంటే ఎవరో మెరుగుపెట్టే బఫింగ్ చక్రానికి ఆనించారు. దీనికి మందు లేదు, పోయిన లోహం తిరిగి రాదు. కొనేముందే చూసి ధర తగ్గించుకోవడమే. టేబుల్ మీద ట్యూబ్‌లైట్ వెలుగులో మురిసిపోయి, నేనది చెయ్యలేదు.

సమస్య: మసక ఫినిష్ మీద గీతలు

బూడిద రంగు స్కాచ్‌బ్రైట్‌తో, ఫ్యాక్టరీ గీతలు ఎటు పోతున్నాయో అటే, ఒకే దిశలో. గుండ్రంగా తిప్పితే మచ్చ తేలుతుంది. తళతళలాడే తొలి రకాలకు ఇది తగలనివ్వకండి.

సమస్య: సిలిండర్ ముందు నల్లటి వలయాలు

కాల్చినప్పుడు పట్టిన మసి. రుద్ది రుద్ది లోహం అరగదీయడం కన్నా ఉండనివ్వడమే నయం.

సమస్య: సిలిండర్ బిగుసుకుంది

చాలాసార్లు ఖాళీ గుల్లలను బయటికి నెట్టే నక్షత్రం కింద చేరిన పొడే కారణం. పాత టూత్‌బ్రష్ చాలు. అయినా కదలకపోతే తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లండి. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ రాసుకుంటే ఒకదాన్నొకటి పట్టేసి గీరుకుపోతాయి, బలవంతం చేస్తే ఇంకా పాడవుతుంది. పక్కపలకను స్క్రూడ్రైవర్‌తో పెకిలించడం మాత్రం ఎవరూ చెయ్యకూడని పని.

సమస్య: పిడి చెక్కలు దీనివేనా?

కుడి చెక్క లోపలి వైపు చూడండి. పాతవాటిలో చాలావాటికి అక్కడ సీరియల్ నంబర్ వేసి ఉంటుంది. అది ఫ్రేమ్ మీది నంబర్‌తో కలవకపోతే, చెక్కలు వేరే తుపాకీవి.