స్పానిష్ ‘ప్రిన్సిపియో’ ఇంగ్లీషులో కుదిరిన తీరు: నా అనుభవం

స్పానిష్‌లో ‘ప్రిన్సిపియో’ (‘మొదలు’, ‘సూత్రం’ అనే అర్థాలున్న మాట) కనబడితే చాలు, నా అనువాదంలో ‘ఇన్ ద బిగినింగ్’ వచ్చి కూర్చునేది. ఆఫీసు మెయిల్ కూడా బైబిల్ సృష్టి కథలా తయారయ్యేది! నిఘంటువు, యంత్రానువాదం, అర్థాల పట్టిక బట్టీ కొట్టడం, ఏదీ పనిచేయలేదు.

చివరికి ఆ మాటను వదిలేసి, ముందు దాని పక్కనున్న చిన్న ముక్కల్ని చూశాను. ‘ఆ ప్రిన్సిపియోస్ దే’ అయితే వెనక నెలో ఏడాదో ఉంటుంది. ‘ఆ ప్రిన్సిపియోస్ దే మాయో’ అంటే ‘ఎర్లీ మే’, అంతే. వెనక ‘దే’ లేకుండా ‘అల్ ప్రిన్సిపియో’ ఒక్కటే వస్తే ‘అట్ ఫస్ట్’.

అసలు తంటా ‘ఎన్ ప్రిన్సిపియో’తోనే. ‘ఎన్ ప్రిన్సిపియో, లా రెయునియోన్ ఎస్ ఎల్ లూనెస్’ అన్న వాక్యంలో దాని బదులు తెలుగులో ‘ఏమీ మారకపోతే’ అని పెట్టి చూశాను. అతికింది. మీటింగ్ సోమవారమే, కానీ పూర్తిగా ఖాయం కాదు. అందుకే ‘యాజ్ థింగ్స్ స్టాండ్’ అని రాశాను. మధ్యలో ‘ఉన్’ చేరి ‘ఎన్ ఉన్ ప్రిన్సిపియో’ అయితే మాత్రం ‘ఇనీషియల్లీ’.

ఇది అన్నిచోట్లా పనిచేస్తుందని చెప్పను. ‘ఎన్ ప్రిన్సిపియో’కు ఒక్కోసారి ‘ఇన్ ప్రిన్సిపుల్’ అనే సరిపోతుంది. ఇక ‘ప్రిన్సిపియో’ లేకుండానే మొదలవడాన్ని చెప్పే ‘రోంపెర్ ఆ యోరార్’ (ఒక్కసారిగా ఏడవడం మొదలెట్టడం) లాంటి జాతీయాల దగ్గర ఈ కిటుకు దండగ. అది ‘బర్స్ట్ ఇంటు టియర్స్’ అని విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.