మూడో పాఠం: ఒక దారం, మూడు నట్లు

కిందటి పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చా కదా, దారానికి బరువు ఎక్కువ కడితే లోలకం త్వరగా ఊగుతుందా, నెమ్మదిగానా అని. అంచనా కాగితం మీద రాసినవాళ్లే ముందుకు చదవండి. రాయకపోతే ఫలితం చూశాక "నేనూ అదే అనుకున్నా" అనేస్తాం, అందరం అంతే.

సైకిల్ షాపులో దొరికే నట్టు ఒకటి దారానికి కట్టి, టేబుల్ అంచు నుంచి వేలాడదీయండి. అంచు నుంచి నట్టు మధ్యకి 25 సెంటీమీటర్లు. కొంచెమే పక్కకి లాగి వదలండి. వెళ్లి తిరిగొస్తే ఒక ఊపు, పుస్తకాల్లో డోలనం అంటారు. ఒక్క ఊపుని స్టాప్‌వాచ్‌తో పట్టుకోవడం మన వేలి వల్ల కాదు, అందుకే పది ఊపులకి కలిపి కొలుస్తాం. సుమారు 10 సెకన్లు రావాలి. 9 వచ్చిందా? వదిలేటప్పుడే "ఒకటి" అని ఉంటారు, అక్కడ "సున్నా" అనాలి.

ఇప్పుడు మూడు నట్లు. బోల్తా పడేది ఇక్కడే. ఒకదాని కింద ఒకటి కడితే 10.4 దాకా వస్తుంది, వెంటనే "బరువు పెరిగితే నెమ్మదిస్తుంది" అని రాసేస్తారు. కానీ నట్ల వరస కిందికి దిగి, దాని మధ్యభాగం ఓ 2 సెంటీమీటర్లు జారింది, అంటే బరువుతో పాటు పొడవూ మారిపోయింది, ఆ 0.4 సెకను పొడవు చేసిన పని. మూడింటినీ ఒకే ముడిలో గుత్తిగా కట్టి, మళ్లీ 25కి సరిచేసి చూడండి. మళ్లీ అదే 10.

మా ఇంటర్ ల్యాబ్‌లో ఈ ప్రయోగమే ఉండేది. జి, అంటే భూమి లాగడం వల్ల కిందపడే వస్తువు వేగం సెకనుకి ఎంత పెరుగుతుందో చెప్పే అంకె, దాని విలువ 9.8 రావాలి కాబట్టి సీనియర్ల రికార్డు ముందేసుకుని, వెనక నుంచి లెక్కేసి రీడింగులు రాసేవాళ్లం. ఫుల్ మార్కులు! లోలకం అసలు ఊగిందో లేదో గుర్తులేదు. మీరు మాత్రం తేడాగా వచ్చిన రీడింగుని చెరిపేయకండి, ఒక గీత కొట్టి, ఎందుకు తప్పనుకుంటున్నారో పక్కన రాయండి.

కొంచెమే లాగమన్నా కదా, దానికో కారణం ఉంది. ఊపు పెద్దదైనా చిన్నదైనా పట్టే సమయం ఒకటేనని గెలీలియో 1602లో ఒక ఉత్తరంలో రాశాడు. చిన్న ఊపుల వరకూ దాదాపు నిజమే. దారాన్ని అడ్డంగా అయ్యేదాకా లాగి వదిలి, ఆ మొదటి ఊపులు చూడండి, ఎక్కువ సమయం తీసుకుంటాయి. అంతటివాడి మాటనీ మీ టేబుల్ దగ్గరే సరిచూడొచ్చు.

వచ్చే పాఠానికి దారం 50 సెంటీమీటర్లు చేయండి. పొడవు రెట్టింపైతే సమయం కూడా రెట్టింపవుతుందా? అంచనా ముందే, తేదీ వేసి, పెన్నుతో రాయండి. పెన్సిల్ వద్దు.