కొత్త హెచ్‌డీ టీవీలో ఫ్రీ డిష్ చానళ్లు రావట్లేదా? డిష్ ముట్టుకోకండి, ముందు ఇది చదవండి

ఒడిశాలో గునుపూర్, పర్లాకిమిడి, రాయగడ వైపు దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్‌లు బిగించే పని నాది. ఎవరింట్లో కొత్త టీవీ దిగినా ఒకటే ఫోన్, "చానళ్లు పోయాయి బాబూ, ఓసారి వచ్చి డిష్ తిప్పు". ఆపాటికే ఇంట్లో కుర్రాడు మేడెక్కి తిప్పేసుంటాడు, అదీ నా ఖర్మ.

ముందు మెనూలో సిగ్నల్ పేజీ తెరవండి. స్ట్రెంత్, క్వాలిటీ అని రెండు గీతలుంటాయి. స్ట్రెంత్‌ని నమ్మకండి, డిష్ కొబ్బరిచెట్టు వైపు చూస్తున్నా ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు కడ్డీకి ఉండే, సిగ్నల్ పట్టే ముక్కకి) కరెంటు అందితే చాలు అది నిండుగానే కనబడుద్ది. చూడాల్సింది క్వాలిటీ. ఇంత చెప్పినా ఎవరూ చూడరు.

అసలు "నో సిగ్నల్" అనే వస్తోందా?
సగం ఇళ్లలో టీవీ రిమోట్‌లో సోర్స్ మార్చలేదంతే, సెట్‌టాప్ బాక్స్ హెచ్‌డీఎంఐ 2లో ఉంటే టీవీ 1లో ఉంటుంది. టీవీలోనే ట్యూనర్ ఉందని కొన్నవాళ్లయితే డిష్ వైరు మామూలు యాంటెన్నా సాకెట్లో గుచ్చేస్తారు, అది శాటిలైట్ అని రాసున్న, స్క్రూలా తిప్పి బిగించే సాకెట్లో పెట్టాలి, మెనూలో ఎల్‌ఎన్‌బీ పవర్ ఆన్ చెయ్యాలి.

అన్ని ఫ్రీక్వెన్సీల్లో క్వాలిటీ సున్నా?
వైరు కొస విప్పి చూడండి. వైరు లోపల చుట్టూ ఉండే జాలీలోంచి ఒక్క వెంట్రుకంత తీగ మధ్య రాగితీగకి తగిలినా అంతే సంగతి. చిలుం పట్టిన కనెక్టర్ పారేసి కొత్తది వెయ్యండి. అదీ బాగుంటే అప్పుడు డిష్: ఫ్రీ డిష్ చానళ్లు పంపే ఉపగ్రహం జీశాట్-15 ఉండేది 93.5 డిగ్రీల తూర్పున, మన వైపు నుంచి దక్షిణానికి కాస్త తూర్పుగా, సుమారు 65 డిగ్రీల ఎత్తులో.

కొన్ని చానళ్లు బాగా వస్తాయి, కొన్ని అస్సలు రావు
నన్ను ఏడిపించింది ఇదే. గునుపూర్లో ఒక మాస్టారు 43 అంగుళాల టీవీ కొన్నారు, పాత బాక్స్ దానికే తగిలించారు. పాత చానళ్లు శుభ్రంగా వస్తున్నాయి, పక్కింట్లో వచ్చే కొన్ని చానళ్లు మాత్రం లేవు. ఫ్రీక్వెన్సీలు ఒక్కొక్కటీ చూస్తే కొన్నిట్లో క్వాలిటీ నిండుగా ఉంది, ఒకదాంట్లో సున్నా. ఇంకేముంది, డిష్ కొంచెం పక్కకి జరిగిందనుకున్నా. వానలో మూడుసార్లు మేడెక్కా, ఎల్‌ఎన్‌బీ మార్చా, వైరు మార్చా, చివరికి ఉన్న చానళ్లు కూడా పోగొట్టి మాస్టారి చేత "ఏటి బాబూ, బాగుచేయడానికొచ్చావా, పాడుచేయడానికా" అనిపించుకున్నా. పక్కింటి బాక్స్ తెచ్చి అదే వైరుకి పెడితే ఐదు నిమిషాల్లో అన్నీ వచ్చేశాయి.

సంగతేంటంటే ఫ్రీ డిష్‌లో కొన్ని చానళ్లు ఎంపెగ్-2లో, కొన్ని ఎంపెగ్-4లో వస్తాయి, ఇవి బొమ్మని కుదించి పంపే పాత, కొత్త పద్ధతులు. పాత బాక్సులకి ఎంపెగ్-2 ఒక్కటే తెలుసు. చానల్ డీవీబీ-ఎస్2 అనే కొత్త రకం శాటిలైట్ సిగ్నల్‌లో వస్తే పాత బాక్స్‌కి ఆ ఫ్రీక్వెన్సీయే దొరకదు, అందుకే ఆ సున్నా. పాత రకం డీవీబీ-ఎస్‌ సిగ్నల్‌లో ఎంపెగ్-4 అయితే పేరొస్తుంది, ఒక్కోసారి మాట కూడా వినబడుద్ది, బొమ్మ నల్లగానే. రెండూ ఒకటే జబ్బు, డిష్ తిప్పితే పోయేది కాదు. బాక్స్ అడుగున స్టిక్కర్ చూడండి, ఎంపెగ్-4, డీవీబీ-ఎస్2 రెండూ ఉండాలి. లేకపోతే ఆ రెండూ ఉన్న కొత్త బాక్స్ కొనండి, ఒక్కసారి పెట్టే డబ్బే, నెల నెలా కట్టేదేం లేదు. టీవీ ఇంకా కొనకపోతే ఇన్‌బిల్ట్ డీవీబీ-ఎస్2 ట్యూనర్ ఉందా అని షాపులోనే అడగండి, "హెచ్‌డీ" అన్న బొమ్మ చూసి కొనేయకండి, అది తెర సంగతి, లోపల ట్యూనర్ సంగతి కాదు. కొత్త బాక్స్‌లో ఎల్‌ఎన్‌బీ 9750-10600, సింబల్ రేట్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీలకి) 29500, పోలరైజేషన్ వర్టికల్ పెట్టి మళ్లీ స్కాన్ చెయ్యండి.

అన్నీ వస్తున్నాయి, బొమ్మ మసక
మూడు రంగుల ఏవీ వైరు తీసేసి హెచ్‌డీఎంఐ పెట్టండి. అయినా సప్తగిరి, యాదగిరి మసగ్గానే ఉన్నాయంటే ఫ్రీ డిష్‌లో చాలావరకు ఎస్‌డీ (హెచ్‌డీ కన్నా తక్కువ స్పష్టత) చానళ్లే, పెద్ద తెర మీద సాగదీస్తే అలాగే ఉంటాయి. ముఖాలు లావుగా కనిపిస్తే పిక్చర్ సైజు 4:3 చెయ్యండి, వాళ్లేం ఒళ్లు చేయలేదు.

నిన్నటిదాకా వచ్చిన ఒక్క ప్రైవేటు చానల్ మాయమైతే మీ తప్పేం లేదు, ప్రసార భారతి వేలంలో ఆ చానల్ వాళ్లు స్లాట్ తీసుకోలేదన్నమాట. గట్టి వానలో కాసేపు పోవడం, మార్చి, అక్టోబర్లలో పగలు కొన్ని నిమిషాలు ఎండ దెబ్బకి పోవడం మామూలే. ఎల్‌ఎన్‌బీ పిడుగుకి పోవడం, టీవీ బోర్డు పోవడం లాంటివి నేను చూసింది వేళ్ల మీద లెక్క, స్టిక్కర్ చూశాక వాటి గురించి ఫోన్ చెయ్యండి.