డీఎస్సీ కొట్టారా? హైదరాబాద్‌లో స్కూల్ ఎలా అలాట్ అవుతుంది, కౌన్సెలింగ్‌కి ముందు ఏం చూసుకోవాలి

డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ ఉద్యోగాల పరీక్ష) సెలక్షన్ లిస్టులో పేరు చూసుకున్న ఆనందం ఒక్క రోజే, రెండో రోజు నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న, ఏ స్కూల్ ఇస్తారు, సిటీలోనే వస్తుందా అని. ఇందులో పెద్ద రహస్యం ఏం లేదండి, మీ జిల్లా, మీ మీడియం, మీ మెరిట్ నంబర్, ఈ మూడే తేలుస్తాయి.

జిల్లా సంగతి మాత్రం అప్లై చేసేటప్పుడే ఆలోచించాలి, ఎందుకంటే మనం సిటీ అనుకునేది డీఎస్సీ లెక్కలో ఒక యూనిట్ కాదు. కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా, ఎల్బీనగర్ రంగారెడ్డి, పటాన్‌చెరు సంగారెడ్డి. ఎల్బీనగర్‌లో ఇల్లుంది కదా అని రంగారెడ్డి పెట్టారనుకోండి, అదే జిల్లాలో మాడ్గుల, తలకొండపల్లి కూడా ఉన్నాయి, అక్కడ పడితే రోజూ బస్సులోనే సగం జీవితం. హైదరాబాద్ జిల్లా అయితే మొత్తం సిటీయే, ఎక్కడ వేసినా సిటీ బస్సు అందుతుంది. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు వస్తే ఒక్క హైదరాబాద్‌కే 878, పక్కనున్న మేడ్చల్‌కి 109 మాత్రమే. ఎస్జీటీ (ప్రైమరీ టీచర్), స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ సబ్జెక్ట్ టీచర్) రెండూ జిల్లా కేడర్ పోస్టులు కాబట్టి తర్వాత ట్రాన్స్‌ఫర్లు కూడా ఆ జిల్లాలోనే తిరుగుతాయి, జిల్లా దాటాలంటే ప్రభుత్వం మళ్ళీ ప్రత్యేకంగా అవకాశం ఇవ్వాలి, అది ఎప్పుడిస్తారో ఎవరి చేతిలోనూ ఉండదు.

ఇక ఖాళీలు. కొత్తవాళ్ళకి జిల్లాలో ఉన్న స్కూళ్ళన్నీ చూపించరు. మామూలుగా ముందు సీనియర్ల ట్రాన్స్‌ఫర్లు, ప్రమోషన్లు అయిపోతాయి, 2024లో కూడా వేసవిలో అవి నడిచాకే మనవాళ్ళ పోస్టింగులు వచ్చాయి. అంటే మెట్రో స్టేషన్ పక్కన ఉన్న మంచి స్కూళ్ళు అప్పటికే నిండిపోయి ఉంటాయి, మిగిలినవాటిలోంచి మనం ఏరుకోవాలి. ఇది అన్యాయం అని చాలామంది గొడవపడతారు కానీ పదేళ్ళు దూరంగా చేసొచ్చిన వాళ్ళకి ముందు ఛాన్స్ ఇవ్వడం నా లెక్కలో కరెక్టే.

కౌన్సెలింగ్ డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) ఆధ్వర్యంలో జరుగుతుంది. పోస్టు వారీగా, మీడియం వారీగా మెరిట్ లిస్టు పెట్టి పిలుస్తారు, మీ వంతు వచ్చినప్పుడు మిగిలున్న ఖాళీల్లో ఒకటి చెప్పాలి, అంతే. మీడియం కలవదు, ఉర్దూ మీడియం ఎస్జీటీకి ఉర్దూ ఖాళీలే, తెలుగు వాళ్ళకి తెలుగువే, కాబట్టి ఫ్రెండ్ ర్యాంక్‌తో మీ ర్యాంక్ పోల్చుకుని బెంగపడకండి. మీ వంతు వచ్చాక ఆలోచించడానికి టైమ్ ఉండదు, వెనక క్యూ ఉంటుంది, సార్ సార్ ఒక్క నిమిషం అంటూ ఇంటికి ఫోన్లు చేసేవాళ్ళు ప్రతి కౌన్సెలింగ్‌లోనూ కనిపిస్తారు.

అందుకే అసలు పని అంతా ముందే. 2024లో సెప్టెంబర్ 30న రిజల్ట్స్, అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంలో అపాయింట్‌మెంట్ ఆర్డర్లు, 15న కౌన్సెలింగ్, అంటే ఆర్డర్లకి, కౌన్సెలింగ్‌కి మధ్యలో దొరికింది వారం కూడా కాదు. ఖాళీల లిస్టు చేతికొచ్చిన వెంటనే మీ మెరిట్ నంబర్ చూసుకోండి, మీది 40 అయితే కనీసం 40 స్కూళ్ళు ఇష్టం ప్రకారం వరసగా రాసుకోవాలి, పది రాసుకుని వెళ్తే అవి మీకంటే ముందువాళ్ళే పట్టుకుపోతారు. ప్రతి స్కూల్ పేరుతో యూడైస్ ప్లస్ అనే, స్కూళ్ళ వివరాలుండే ప్రభుత్వ సైట్‌లో పిల్లలెంతమంది, టీచర్లెంతమంది ఉన్నారో చూడొచ్చు. ఇది చాలామంది వదిలేస్తారు కానీ నన్నడిగితే దూరం కన్నా ఇదే ముఖ్యం. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, ఆపైన 90 దాకా ముగ్గురు. ఇంటికి దగ్గరని పది పన్నెండు మంది పిల్లలున్న స్కూల్ తీసుకుంటే రేపు రేషనలైజేషన్‌లో (పిల్లల సంఖ్యని బట్టి పోస్టులు సర్దడంలో) పోస్టే లేచిపోవచ్చు, లేదా పని సర్దుబాటు అని ఇంకెక్కడికో పంపుతారు. సింగిల్ టీచర్ స్కూల్ అయితే జ్వరమొచ్చినా సెలవు పెట్టడానికి భయపడాలి. వీలైతే ఒకసారి వెళ్ళి చూడండి, సిటీలో ఒకే బిల్డింగ్‌లో రెండు మూడు స్కూళ్ళు నడిచే చోట్లున్నాయి, బాత్రూమ్ ఉందో లేదో చూసుకోవాలి, మేడమ్స్ అయితే మరీను.

డబ్బు లెక్క కూడా వేసుకోండి. 2020 పీఆర్సీలో (జీతాల సవరణలో) ఎస్జీటీ బేసిక్ 31,040, హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం) సిటీలో 24 శాతం, అట్టడుగు కేటగిరీలో 11 శాతం, అంటే నెలకి 4,035 రూపాయల తేడా. రంగారెడ్డి లాంటి జిల్లాలో ఊరు ఎంచుకునేటప్పుడు ఈ తేడాకి తోడు బస్సు ఖర్చు కూడా కలిపి చూడాలి. హైదరాబాద్ జిల్లాలో ఈ తలనొప్పి లేదు.

పోస్టింగ్ ఆర్డర్ చేతికొచ్చాక అక్కడే నిలబడి పేరు, స్కూల్ పేరు, మండలం అక్షరం అక్షరం చదవండి, తప్పుంటే వెంటనే చెప్పాలి, తర్వాత సరిచేయించడం నరకం. ఆర్డర్‌లో ఇచ్చిన గడువు లోపల జాయిన్ అవ్వాలి. వీలైతే పొద్దున్నే వెళ్ళి ఫోర్‌నూన్‌లోనే హెచ్ఎంకి జాయినింగ్ రిపోర్ట్ ఇవ్వండి. ఒరిజినల్స్, ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఫొటోలు, అన్నిటి జిరాక్సులు ఒక ఫైల్‌లో పెట్టుకోండి. బయట జిల్లాల్లో ఎంఈఓ (మండల విద్యాధికారి) చూసే పని హైదరాబాద్‌లో డిప్యూటీ ఐఓఎస్ (స్కూళ్ళ డిప్యూటీ ఇన్‌స్పెక్టర్) చూస్తారు, జీతం బిల్లు పీఏఓ (పే అండ్ అకౌంట్స్) ఆఫీసుకి వెళ్తుంది, ఇది తెలియక కొత్తవాళ్ళు ఎక్కడెక్కడో తిరుగుతుంటారు. ఎంప్లాయీ ఐడీ, ప్రాన్ (పెన్షన్ ఖాతా) నంబర్ వచ్చేదాకా జీతం పడదు, వాటికి అప్లికేషన్ జాయిన్ అయిన వారంలోనే పెట్టేయండి, అయినా మొదటి జీతం లేటవుతుంది కాబట్టి రెండు మూడు నెలల ఖర్చులు చేతిలో ఉంచుకోండి.

స్కూల్ నచ్చకపోతే ఎప్పుడు మారొచ్చు అని కూడా అడుగుతారు. మామూలు ట్రాన్స్‌ఫర్ రూల్స్‌లో కనీసం రెండేళ్ళు చేసినవాళ్ళకే అప్లై చేసే వీలుంటుంది, ఎనిమిదేళ్ళు నిండితే టీచర్లు తప్పనిసరిగా మారాలి, కాకపోతే ట్రాన్స్‌ఫర్లు ప్రతి ఏడూ పెట్టరు కాబట్టి రెండేళ్ళే కదా అని లెక్కేసుకోకండి.