ఫ్లేమ్‌ప్రూఫ్ బాక్స్ చెక్ చేసే ముందు జాగ్రత్తలు

జీడిమెట్ల, పాశమైలారం సైడ్ సాల్వెంట్ ప్లాంట్లలో పనిచేసే ఎలక్ట్రీషియన్ తమ్ముళ్లూ, ఫ్లేమ్‌ప్రూఫ్ బాక్స్ (లోపల పేలినా ఆ మంట బయటి గ్యాస్‌కి అంటుకోకుండా ఆపే ఎలక్ట్రికల్ బాక్స్) మీద స్పానర్ పెట్టకముందే ఇవి చూస్కోండి.

- వర్క్ పర్మిట్ చేతిలో ఉండాలి, గ్యాస్ మీటర్‌తో ఎల్ఈఎల్ (గాలిలో మంట అంటుకోడానికి కావాల్సిన కనీస గ్యాస్ శాతం) చూడాలి, ఫోన్ బయటే.

- సప్లై ఆఫ్ చేసి తాళం, ట్యాగ్ వేసి ఆ తాళంచెవి మీ జేబులోనే ఉంచుకోండి, ఇంకొకరికి ఇవ్వొద్దు.

- నేమ్‌ప్లేట్ చదవండి. హైడ్రోజన్ ఉన్నచోట ఉట్టి ఐఐబీ (హైడ్రోజన్ కంటే తేలిగ్గా అంటుకోని గ్యాసుల గ్రూప్) బాక్స్ నడవదు. టెంపరేచర్ క్లాస్ టీ4 అంటే బాక్స్ ఉపరితలం 135 డిగ్రీలు దాటదని.

- నాకు అన్నిటికంటే భయం బోల్టుల దగ్గరే, ఒక్కటి లేకపోయినా ఆ బాక్స్‌ని నమ్మొద్దు, ఎందుకంటే లోపల పేలితే ఆ వేడి గ్యాస్ ఫ్లేంజ్ (మూత, బాక్స్ కలిసే అంచు) సందులోంచి చల్లబడుతూ బయటికి రావాలి, ఆ ఫేస్ మీద గీతలు, తుప్పు, పెయింట్ ఉంటే రాసిపెట్టండి, ఎమెరీ పేపర్‌తో మాత్రం రుద్దొద్దు.

- వాడని గ్లాండ్ హోల్‌కి (కేబుల్ లోపలికి వెళ్లే రంధ్రానికి) సర్టిఫైడ్ ప్లగ్ ఉందా, ఎర్త్ వైర్ చేత్తో కదిపితే ఊగుతుందా చూడండి.