క్రాస్‌విండ్‌లో చిన్న విమానాన్ని దించే పద్ధతి

క్రాస్‌విండ్‌లో, అంటే రన్‌వేకు అడ్డంగా వీచే గాలిలో, దిగుతూ చిన్న విమానాలు దెబ్బతినడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఒకటి, చక్రాలు రన్‌వేను తాకగానే పని అయిపోయిందనుకుని పైలట్ కాళ్లూ చేతులూ సడలించడం. విమానం నడక వేగానికి వచ్చేవరకు దాన్ని నడుపుతూనే ఉండాలి.

ముందుగా గాలి లెక్క చూసుకోవాలి. రన్‌వే దిశకూ గాలి దిశకూ మధ్య కోణం 30 డిగ్రీలైతే గాలి వేగంలో సగం, 45 అయితే సుమారు 70 శాతం, 60 అయితే సుమారు 87 శాతం విమానాన్ని పక్కకు తోస్తుంది. గాలి 18 నాట్లనీ (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.), విసురు, అంటే ఉన్నట్టుండి పెరిగే గాలి, 28 నాట్లనీ విమానాశ్రయ కంట్రోల్ టవర్ చెబితే లెక్క 28తోనే వేయాలి. సెస్నా 172 అనే చిన్న విమానం హ్యాండ్‌బుక్‌లో క్రాస్‌విండ్‌కు ఇచ్చిన 15 నాట్లు పరీక్షల్లో చేసి చూపిన విలువే తప్ప దాటరాని హద్దు కాదు. అయినా కొత్త పైలట్లు తమ హద్దును అంతకంటే బాగా తక్కువగా పెట్టుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

అప్రోచ్ (దిగడానికి రన్‌వే వైపు రావడం) వేగానికి విసురుకూ మామూలు గాలికీ ఉన్న తేడాలో సగం, అంటే పై ఉదాహరణలో 5 నాట్లు కలుపుకోవాలి. ముక్కును గాలివైపు కొంత తిప్పి ఉంచి రన్‌వే మధ్యగీత మీదుగా వస్తూ, నేల దగ్గరపడ్డాక రడ్డర్‌తో (కాళ్లతో తొక్కి కదిలించే తోక పలక) ముక్కును గీతకు సరిచేసి, పక్కకు జారకుండా గాలివైపు రెక్కను ఎయిలెరాన్‌తో (రెక్క వెనుక అంచున కదిలే పలక) దించాలి. గాలివైపు ప్రధాన చక్రం ముందు, రెండోది తర్వాత, ముందు చక్రం చివర తాకాలి.

అసలు జాగ్రత్త ఇక్కడి నుంచే కావాలి. వేగం తగ్గేకొద్దీ ఎయిలెరాన్‌ల పట్టు తగ్గుతుంది కాబట్టి వాటిని గాలివైపు క్రమంగా పెంచుతూ చివరికి పూర్తిగా తిప్పి ఉంచాలి. లేకపోతే గాలి ఆ రెక్క కిందికి చేరి దాన్ని లేపుతుంది. తోక నిలువు పలకపై గాలి నెట్టడం వల్ల ముక్కు గాలివైపు తిరగబోతుంది, దాన్ని రడ్డర్‌తో ఎప్పటికప్పుడు ఆపాలి. తోకచక్రం ఉన్న విమానాల్లో బరువు కేంద్రం ప్రధాన చక్రాల వెనుక ఉంటుంది కనుక మొదలైన మలుపు తనంతట తానే పెరిగి, విమానం గిర్రున తిరిగిపోవచ్చు.

రడ్డర్ పూర్తిగా తొక్కినా ముక్కు గీతకు రాకపోతే, ఆ గాలి ఆ విమానానికి ఎక్కువని అర్థం. అప్పుడైనా, నేలను తాకి ఎత్తుగా ఎగిరిపడినా, వెంటనే పూర్తి పవర్ ఇచ్చి, వేగం చూసుకుంటూ ఫ్లాప్స్‌ను (దిగడానికి రెక్కల వెనుక దించే పలకలు) అంచెలంచెలుగా తీసి గో అరౌండ్ చేయాలి, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేవాలి. రెండోసారీ కుదరకపోతే గాలికి ఎదురుగా దిగే వీలున్న మరో రన్‌వేకు వెళ్లాలి. అందుకు చాలినంత ఇంధనాన్ని బయల్దేరే ముందే నింపుకోవాలి.