పోస్టల్ బ్యాలెట్: ఓటు కంటే కవర్ల దగ్గరే జాగ్రత్త

పోస్టల్ బ్యాలెట్లు, అంటే బూత్‌లో మిషన్ మీద కాకుండా కాగితం మీద వేసి కవర్లో పెట్టి ఇచ్చే ఓట్లు, ఎక్కువగా మురిగిపోయేది తప్పు పేరు ఎదురుగా టిక్ పెట్టడం వల్ల కాదు. ఓటు వేసింది తామేనని చెప్పే డిక్లరేషన్ మీద సంతకం మరిచిపోతారు. సంతకం చేసినా దాన్ని అధికారితో ధ్రువీకరించే అటెస్టేషన్ చేయించుకోరు. రెండు చోట్ల ఒకేలా ఉండాల్సిన బ్యాలెట్ నంబరును ఒక చోట తప్పు రాస్తారు. ఇవన్నీ ఓటు కాగితానికి బయట జరిగే తప్పులే. అందుకే ఎవరికి వెయ్యాలన్నది ఇంటి దగ్గరే తేల్చుకుని, ఓటు వేయించే ఫెసిలిటేషన్ సెంటర్‌కు వెళ్ళాక ధ్యాసంతా కాగితాల మీదే పెట్టండి.

ఈ సౌకర్యం అందరికీ లేదు. ఎన్నికల డ్యూటీ పడ్డవాళ్ళకు, సైన్యం, కేంద్ర బలగాల్లో సర్వీసు ఓటర్లకు, 85 ఏళ్ళు దాటినవాళ్ళకు, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవాళ్ళకు, ఆ ఎన్నికకు నోటిఫై చేసిన అత్యవసర సేవల సిబ్బందికి, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్ళకు, ఇలాంటి కొన్ని వర్గాలకు మాత్రమే. కుప్పం, పలమనేరు నుంచి బెంగళూరు వెళ్ళి ఉద్యోగం చేసేవాళ్ళకు లేదు, బస్సెక్కి రావాల్సిందే. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్ళు ఫారం 6-ఏతో పేరు నమోదు చేసుకున్నా, పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా బూత్‌కు వస్తేనే ఓటు.

డ్యూటీ పడ్డవాళ్ళు చేయాల్సింది

శిక్షణ తరగతిలో ఫారం 12 ఇస్తారు. నిబంధన ప్రకారం పోలింగ్‌కు కనీసం 7 రోజుల ముందు అది నియోజకవర్గంలో ఎన్నిక నడిపే రిటర్నింగ్ ఆఫీసర్‌కు చేరాలి. డ్యూటీ ఉత్తర్వు కాపీ, ఎపిక్ (ఓటరు గుర్తింపు) కార్డు కాపీ జత చేయండి. నియోజకవర్గం, పార్ట్ నంబరు, సీరియల్ నంబరు తాజా ఓటర్ల జాబితాలో చూసే రాయండి, పోయినసారి గుర్తున్నది రాయొద్దు. మీరు పనిచేసే చోటు కాదు, మీ ఓటు ఉన్న చోటు రాయాలి.

తిరుపతి చుట్టుపక్కల ఇక్కడే తికమక. తిరుచానూరు చూడ్డానికి తిరుపతి ఊళ్ళో కలిసిపోయినట్టే ఉంటుంది. ఓటు మాత్రం చంద్రగిరి అసెంబ్లీలో, లోక్‌సభకైతే చిత్తూరులో. ఇంకోపక్క సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉన్నా తిరుపతి లోక్‌సభ కిందికి వస్తుంది. జిల్లా పేరు చూసి నియోజకవర్గం రాస్తే దరఖాస్తు వేరే ఆఫీసుకు పోయి కూర్చుంటుంది.

డ్యూటీ, ఓటు రెండూ ఒకే నియోజకవర్గంలో పడితే ఫారం 12-ఏ ఇచ్చి ఎలక్షన్ డ్యూటీ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. దానికి గడువు పోలింగ్‌కు 4 రోజుల ముందు. అది చేతిలో ఉంటే డ్యూటీ చేస్తున్న బూత్‌లోనే ఈవీఎం మీద ఓటు వేసేయొచ్చు. ఆ అవకాశం ఉన్నవాళ్ళకు ఈ కవర్ల గొడవే ఉండదు.

2023లో నిబంధన మారింది. డ్యూటీలో ఉన్నవాళ్ళు బ్యాలెట్‌ను ఇంటికి తీసుకెళ్ళి పోస్టు చేయడం ఇప్పుడు కుదరదు. ఫెసిలిటేషన్ సెంటర్‌లోనే తీసుకుని, అక్కడే ఓటు వేసి, అక్కడి పెట్టెలోనే వేయాలి. ఇంట్లో నలుగురి ముందు, లేదా ఎవరో పార్టీవాడి ముందు టిక్ పెట్టే ప్రమాదం దీనితో తగ్గింది.

బల్ల మీద ఏముంటుంది

బ్యాలెట్ కాగితం, 13-ఏ డిక్లరేషన్, 13-బి అనే చిన్న కవరు, 13-సి అనే పెద్ద కవరు, 13-డి సూచనల కాగితం. లోక్‌సభ, అసెంబ్లీ కలిసి వస్తే ఇదే సెట్టు రెండు. లోక్‌సభ బ్యాలెట్ తెలుపు, అసెంబ్లీది గులాబీ. ఒక సెట్టు పూర్తిగా కవర్లో పెట్టి మూశాకే రెండోది తెరవండి. రెండూ ఒకేసారి పరుచుకుంటే కాగితాలు కలిసిపోతాయి.

ముందు 13-ఏ పని ముగించండి. బ్యాలెట్ మీదున్న సీరియల్ నంబరును అంకె అంకె చూసుకుంటూ అందులో రాయండి. 1, 7 ఒకేలా రాసే అలవాటుంటే ఇక్కడ నిదానించండి. అదే నంబరు 13-బి కవరు మీదా ఉండాలి. తర్వాత సెంటర్‌లోని గెజిటెడ్ అధికారి ఎదుట సంతకం చేసి అటెస్టేషన్ చేయించుకోండి. ఆయన చూడాల్సింది మీ సంతకం మాత్రమే, మీ ఓటు కాదు. ఆయన పేరు, హోదా, సీలు పడ్డాయో లేదో అక్కడే చూడండి. 2024లో మన ఆంధ్రప్రదేశ్‌లో సీలు లేని 13-ఏల మీదే వివాదం రేగింది. రిటర్నింగ్ ఆఫీసర్ నియమించిన అధికారి సంతకం ఉంటే చాలన్న ఎన్నికల సంఘం ఆదేశం మీద వైసీపీవాళ్ళు హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్ళారు. జూన్ 3న, అంటే లెక్కింపుకు ఒక్కరోజు ముందు, సుప్రీంకోర్టు జోక్యానికి ఒప్పుకోలేదు. ప్రతిసారీ అంతదూరం పోకుండా సీలు వేయించుకుని బయటపడటం మేలు.

ఇక కంపార్ట్‌మెంట్‌లోకి. పెన్నుతో ఒకే ఒక్క అభ్యర్థి ఎదురుగా, గీతలు దాటకుండా టిక్ గానీ ఇంటూ గానీ పెట్టండి. నోటా (వీళ్ళెవరూ వద్దు) కూడా ఉంటుంది. ఇద్దరికి మధ్య గీతమీద పడిన గుర్తు, మీరెవరో తెలిసేలా చేసే సంతకమో పేరో, ఏదున్నా ఓటు పోతుంది. సిరా ఆరనిచ్చి మడవండి. తడి మీద మడిస్తే ఆ మచ్చ ఇంకో పేరు ఎదుట అంటుకుని అనుమానానికి తావిస్తుంది.

చిన్న కవరులో బ్యాలెట్ ఒక్కటే పెట్టి అంటించండి. గమ్ము అంచుకే రాయండి, లోపలికి పాకితే కవరు తెరిచేటప్పుడు బ్యాలెట్ చిరుగుతుంది. 13-ఏను చిన్న కవరులో వేయకూడదు. చదువుకున్నవాళ్ళు కూడా చేసే పొరపాటిది. పెద్ద కవరు తెరవగానే డిక్లరేషన్ కనబడకపోతే, చిన్న కవరు తెరవకుండానే తిరస్కరిస్తారు. అంటించిన 13-బి, విడిగా 13-ఏ, రెండూ 13-సి లోకి.

ఇంటి దగ్గర ఓటు

పెద్దవయసువాళ్ళకు, దివ్యాంగులకు బూత్ ఓటర్ల జాబితా చూసే బీఎల్వో ఫారం 12-డి తెచ్చిస్తారు. ఎన్నికల నోటిఫికేషన్ తేదీ నుంచి 5 రోజుల్లో తిరిగి ఇచ్చేయాలి. దివ్యాంగులు ధ్రువపత్రం కాపీ జత చేయాలి. వచ్చే రోజు ముందే చెప్పి, పోలింగ్ సిబ్బంది పోలీసుతో, వీడియోగ్రాఫర్‌తో ఇంటికి వస్తారు. అభ్యర్థులకూ ఆ షెడ్యూలు ఇస్తారు. వీడియో తీసేది ప్రక్రియను మాత్రమే, టిక్ పెట్టేటప్పుడు కాదు. మనిషి దొరక్కపోతే ఇంకొక్కసారి వస్తారు, మూడోసారి రారు. ఒకసారి బ్యాలెట్ మంజూరైతే జాబితాలో పేరు ఎదుట ‘పీబీ’ అని పడుతుంది. ఆ తర్వాత ఓపిక వచ్చి బూత్‌కు వెళ్ళినా ఓటు ఇవ్వరు. అవ్వ నడవగలదనుకుంటే ఫారం ఇవ్వకుండా ఉండటమే నయం.

సర్వీసు ఓటర్లకు బ్యాలెట్ ఈటీపీబీఎస్ అనే ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఆన్‌లైన్‌లో వెళుతుంది, పిన్ కొట్టి తెరిచి ప్రింటు తీసుకుంటారు. తిరిగి రావడం మాత్రం పోస్టులోనే, స్టాంపు అక్కర్లేదు. కాగితాల మీది క్యూఆర్ కోడ్‌లను లెక్కింపు రోజు స్కాన్ చేస్తారు. ఒకే ఓటు రెండోసారి ప్రింటై వస్తే అక్కడ దొరికిపోతుంది.

రహస్యం ఎలా నిలుస్తుంది

పేరు ఒక కాగితం మీద, ఓటు ఇంకో కవరులో. ఏర్పాటంతా ఇదే. బ్యాలెట్ ఇచ్చినట్టు ఓటర్ల జాబితాలో గుర్తు పెడతారు కానీ బ్యాలెట్ నంబరు అందులో రాయరు. బ్యాలెట్ చింపి ఇచ్చాక మిగిలే కౌంటర్‌ఫాయిళ్ళు సీలు వేసి పక్కన పెడతారు. లెక్కింపు నాడు పెద్ద కవర్లు తెరిచి 13-ఏలు పరిశీలించి, సరిగ్గా ఉన్నవాటిని విడిగా కట్టి సీలు వేస్తారు. ఆ సీలు పడ్డాకే చిన్న కవర్లు తెరవాలన్నది నిబంధన. అంటే ఓటు బయటికొచ్చే సమయానికి పేర్లున్న కట్ట మూసి ఉంటుంది. అభ్యర్థి తరఫున లెక్కింపు దగ్గర ఏజెంట్‌గా కూర్చునేవాళ్ళు ఈ క్రమాన్నే కనిపెట్టుకుని ఉండాలి.

లెక్కింపు మొదలయ్యే సమయం, మామూలుగా ఉదయం 8 గంటలు, దాటాక వచ్చిన కవరును తెరవరు. పోస్టల్ బ్యాలెట్లు మొదలైన అరగంటకు ఈవీఎంలు మొదలవుతాయి. చెల్లవని తిరస్కరించిన పోస్టల్ బ్యాలెట్ల కంటే గెలుపు తేడా తక్కువైతే, ఆ తిరస్కరించినవన్నీ రిటర్నింగ్ ఆఫీసర్ మళ్ళీ చూశాకే ఫలితం ప్రకటించాలి. దీన్ని ఎవరూ అడగాల్సిన పని లేదు.